చలికాలం తెల్లారుజామున పాత హెరాల్డ్ తీయాలంటే

మన కావలి, ఒంగోలు సైడు గడ్డకట్టే చలి ఎప్పుడూ లేదు, జనవరిలో తెల్లారి 20 డిగ్రీల దగ్గరికొస్తేనే మనం దుప్పట్లు తీస్తాం, కాబట్టి పాత కారుకి చలి వల్ల ఏదో అయిపోద్దని భయపడొద్దు. దాన్ని సతాయించేది తేమ. మడి పొలాలు, ఉలవపాడు వైపు రొయ్యల గుంటలు, వాటి మీంచి లేచే మంచు అంతా రాత్రికి రాత్రి ఇంజన్‌కి పట్టేసిద్ది.

నాది నాన్న కాలం నాటి స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో తయారైన బండి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కూడా ఈ హెరాల్డ్ ఛాసిస్ నుంచి వచ్చిందే, అందుకని ఆ జాతి బళ్ళన్నిటికీ నేను చెప్పేది పనికొచ్చిద్ది, పద్మినికి కూడా చాలావరకు.

సెల్ఫ్ కొట్టకముందే బానెట్ లేపి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ ఊడదీయండి. లోపల వేలు పెట్టి రాస్తే తడి తగులుద్ది, కంటికి సరిగ్గా కనపడదు కానీ కరెంటు స్పార్క్ ప్లగ్గుకి పోకుండా ఆ తడిలోంచే లీకయిపోద్ది. పాత లుంగీ గుడ్డతో క్యాప్ లోపలా బయటా, ప్లగ్గు వైర్లూ తుడిచేయండి. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొన్నవాళ్ళని చూశా, నిజానికి పోయింది ఏమీ లేదు.

చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి, పట్టకపోతే కాసేపాగి మళ్ళీ. అందుకోగానే చోక్ సగం లోపలికి, కిలోమీటరు రెండు కిలోమీటర్లు పోయాక మొత్తం, మర్చిపోతే పెట్రోలు ఎక్కువై సిలిండర్ గోడల మీది ఆయిల్ కడుక్కుపోద్ది. పెట్రోలు వాసన గుప్పుమంటే చోక్ మొత్తం లోపలికి తోసేసి, యాక్సిలరేటర్ కిందదాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. ఒక్క నిమిషం ఐడిలింగ్ చాలు, టెంపరేచర్ ముల్లు లేచిందాకా రేజ్ చేయొద్దు.

అసలు ముల్లు లేవట్లేదా? థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కిందాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, ఉందో లేదో చూడండి. ఎండాకాలం హీటెక్కుతుందని మన మెకానిక్‌లు దాన్ని పీకి పారేస్తారు, నా బండికీ ఒకాయన అట్టాగే చేశాడు, రెండు చలికాలాలు ఇంజన్ సరిగ్గా వేడెక్కక మైలేజీ పోయి ప్లగ్గులు నల్లగా మసిపట్టాయి, కొత్తది వేయించాకే కుదుటపడింది. హీటెక్కితే రేడియేటర్ కడిగించాలి గానీ ఇది పీకకూడదు.

రోడ్డెక్కాక మొదటి రెండు మూడు బ్రేకులు మెల్లగా వేయండి, డ్రమ్ములు తడిగా ఉంటే ఒకపక్కకి లాగుద్ది. హెరాల్డ్‌కి, పాత స్పిట్‌ఫైర్‌కి వెనక స్వింగ్ యాక్సిల్ (చక్రం యాక్సిల్‌తో పాటే పైకీ కిందికీ ఒరిగే అమరిక), తడి మలుపులో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి ముడుచుకుని తోక బయటికి తిరిగిద్ది. కందుకూరు రోడ్డులో నాకు ఒకసారి అట్టా అయింది, ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. స్పీడు మలుపుకి ముందే తగ్గించుకోండి, మలుపులో కాలు కదపొద్దు.

సింగరాయకొండ దగ్గర హైవే మీద మంచు కమ్మితే డిమ్ లైటే, హైబీమ్ వేస్తే తెల్ల గోడే కనపడుద్ది. మరీ కనపడకపోతే రోడ్డు పక్కన ఆపొద్దు, లారీ వెనక నుంచి వచ్చేస్తాడు, బంకులోకి దూరండి. అక్కడ లైట్లు ఆర్పేయండి, డైనమో ఐడిలింగ్‌లో ఛార్జింగ్ ఇవ్వదు.

తీసినప్పుడల్లా ఇరవై ముప్పై కిలోమీటర్లయినా తిప్పండి, సందు చివరిదాకా పోయొచ్చే బండికి ఆయిల్ మూత కింద తెల్లగా మీగడలాగా కడుద్ది, అది లోపల చేరిన నీళ్ళే.