పిల్లలతో విశాఖకు, 4వ పాఠం: మ్యాపులో గీసిన గుండ్రం చెరిపేయండి

ఈ వారం అద్దె ఒప్పందం గురించి రాస్తానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి ఇళ్లు వెతకడానికి బయల్దేరినవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. ఇద్దరు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. తప్పు వాళ్లది కాదు. నేను సగమే చెప్పాను.

పోయినసారి చెప్పింది గుర్తుందా? ముందు స్కూలు ఖాయం చేసుకోండి, తర్వాతే ఇల్లు. ఫోన్‌లో మ్యాపు తీసి స్కూలు చుట్టూ నాలుగైదు కిలోమీటర్ల గుండ్రం గీసుకుని, ఆ లోపలే ఇల్లు చూడండి అన్నాను. మొదటి మాట మీద ఇప్పటికీ నిలబడతాను. రెండోది చదునుగా ఉన్న ఊరికి సరిపోతుంది గానీ విశాఖకు సరిపోదు. ఇక్కడ ఊరు కొండల సందుల్లో పెరిగింది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు హార్బరు, మధ్యమధ్యలో రైలు పట్టాలు, నేవీ స్థలాలు, గెడ్డలు (వాననీళ్లు పారే కాలువలు). గుండ్రం గీసేటప్పుడు ఇవేవీ కనబడవు.

బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబానికి గోపాలపట్నంలో స్కూలు కుదిరింది, షీలానగర్‌లో ఇల్లు దొరికింది. మ్యాపులో చూస్తే ఇల్లు గుండ్రం లోపలే ఉంది. కానీ ఆ రెంటికీ మధ్య విమానాశ్రయం అడ్డం. హైవే మీద ఎన్ఏడీ కొత్తరోడ్డు దాకా వచ్చి, అక్కడ తిరిగి మళ్లీ గోపాలపట్నం వైపు వెళ్లాలి. పొద్దున్నే ఆ హైవే మీద స్టీల్‌ప్లాంటు బస్సులు, ఫార్మా కంపెనీల బస్సులు, లారీలు. మొదటి వారమే ఆ పాప మూడు రోజులు ప్రార్థన అయిపోయాక స్కూలుకు చేరింది. వాళ్లమ్మగారు నాకు రాసినప్పుడు కోపంగా రాయలేదు, "అక్కా, మేం మ్యాపు సరిగ్గా చూడలేదేమో" అని రాశారు. అది చదివాకే ఈ పాఠం మార్చాలనుకున్నాను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వన్‌టౌన్‌కి ఎదురుగానే సింధియా, మల్కాపురం కనబడతాయి. మధ్యలో హార్బరు ఉంది కాబట్టి కాన్వెంట్ జంక్షన్ మీదుగా పోర్టు చుట్టూ తిరిగి వెళ్లాలి. అరిలోవ, ఎండాడ పక్కపక్కనే ఉన్నట్టు ఉంటాయి. మధ్యలో కంబాలకొండ అడవి, జూ. హనుమంతవాక జంక్షన్‌కి దిగి హైవే పట్టుకోక తప్పదు. పేర్లు చూసి కూడా మోసపోకండి. సింహాచలం రైల్వే స్టేషన్ ఉన్నది గోపాలపట్నంలో, కొండ దిగువన కాదు. "స్టేషన్ దగ్గర ఇల్లు, గుడి దగ్గర స్కూలు, నడిచి వెళ్లొచ్చు" అనుకున్నవాళ్లు ఉన్నారు.

కాబట్టి గుండ్రం చెరిపేయండి. కిలోమీటర్లు మానేసి నిమిషాలు లెక్కపెట్టండి. మ్యాపులోనే బయల్దేరే రోజు, టైము పెట్టే వీలుంది. సోమవారం ఉదయం ఏడున్నర పెట్టి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి వెళ్లి "ఇరవై నిమిషాల్లో వచ్చేశాం" అనుకోవడం దేనికీ పనికిరాదు.

ఇక్కడ ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి. టెక్సస్ నుంచి తిరిగొస్తున్న ఒకావిడ "విశాఖలో మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదండీ?" అని అడిగారు. అక్కడ ఇంటి అడ్రసును బట్టే పిల్లలకు ఏ ప్రభుత్వ బడిలో సీటో తేలిపోతుంది. ఇంటి మీద కట్టే పన్నులో పెద్ద భాగం ఆ డిస్ట్రిక్ట్ బడులకే వెళ్తుంది. అందుకే మంచి బడులున్న చోట ఇళ్ల ధరలు కూడా ఎక్కువ. ఆ లెక్కతో ఇక్కడ వెతికితే ఏమీ దొరకదు. ఇక్కడి ప్రైవేటు స్కూలు ఏ మూల నుంచి వచ్చిన పిల్లలనైనా చేర్చుకుంటుంది. కేంద్రీయ విద్యాలయాల్లో ముందు చూసేది తల్లిదండ్రుల ఉద్యోగం, బదిలీలు. అడ్రసు లెక్కలోకి వచ్చే ముఖ్యమైన చోటు ఒకటుంది. 2009 నాటి విద్యా హక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. వాటికి ఇంటికీ బడికీ మధ్య దూరం చూస్తారు. మీరు ఆ కోవలోకి వస్తే అడ్రసు రుజువు ముందే సిద్ధం చేసుకోండి. మిగతావాళ్లకు అడ్రసు సీటు తెచ్చిపెట్టదు. మీ పిల్లలు రోజూ ఏ దారిన వెళ్లాలో మాత్రం అదే తేలుస్తుంది. విశాఖలో ఇల్లు ఎంచుకోవడమంటే ఆ దారిని ఎంచుకోవడమే.

టీసీ, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ గురించి చెప్పను, అవి మీకు తెలిసినవే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. స్కూలు ఆఫీసులో కూర్చోగానే మనకు వినబడే మాట ఒకటుంది: "బస్సు మీ ఏరియాకి వస్తుందండి." ఈ ఒక్క మాట నమ్మి ఎంతమంది ఇళ్లు తీసుకున్నారో, ఎంతమంది ఆరు నెలల్లో ఖాళీ చేశారో చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

మేం బదిలీ మీద ఇక్కడికి వచ్చినప్పుడు మధురవాడ వైపు, హైవేకి కొండవైపున ఇల్లు తీసుకున్నాం. స్కూలు ఊరి వైపు. బస్సు మీ ఏరియాకి వస్తుందన్నారు, వచ్చింది కూడా. కానీ పొద్దున ఊళ్లోకి వెళ్లే బస్సు హైవేకి సముద్రం వైపు ఆగుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మా వైపే ఆగుతుంది కాబట్టి అప్పుడు బెంగలేదు. పొద్దున మాత్రం రోజూ హైవే దాటాలి. మా వాడు అప్పుడు మూడో తరగతి. రెండో వారంలో ఒక రోజు డివైడర్ సందులో నిలబడ్డాం. ఎడమ చేత్తో వాడి చెయ్యి పట్టుకున్నాను, కుడి చేతిలో క్యారేజీ సంచి. వాడి నీళ్ల సీసా బ్యాగు పక్కజేబులోంచి జారి రోడ్డు మీదకు దొర్లింది. నీలం సీసా, మూతకు తాడు ఉండేది. వాడు నా చెయ్యి విదిలించుకుని దాని వెనక అడుగు వేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి లారీ వస్తోంది. బ్యాగు పట్టీ నా చేతికి చిక్కింది కాబట్టి వెనక్కి లాగగలిగాను. సీసా లారీ కింద పడి చప్పుడైంది. ఎదురుగా బస్సు డ్రైవరు తలుపు తీసి దిగేశాడు. పాపం, అతని ముఖంలో రక్తం లేదు. "ఇటు తిప్పుకుని రావాలంటే ముందు జంక్షన్ దాకా పోవాలి మేడం, మిగతా పిల్లలకి లేటైపోద్ది" అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఆ రూటు అలాగే ఉంది. నేనే ముందు అడగలేదు.

కాబట్టి "ఏరియా" అన్న మాట దగ్గర ఆగిపోకండి. మధురవాడ అంటే ఎంత పెద్దది? పీఎం పాలెం, కార్‌షెడ్, మిథిలాపురి కాలనీ, చంద్రంపాలెం, కొమ్మాది, అన్నింటినీ జనం మధురవాడ అనే అంటారు. గాజువాక అన్నా, పెందుర్తి అన్నా అంతే. బస్సు ఆగే చోటు పేరు అడగండి. దుకాణం పేరో, గుడి పేరో చెప్పమనండి. రోడ్డుకి ఏ వైపు ఆగుతుంది? పొద్దున ఏ వైపు, సాయంత్రం ఏ వైపు? మా స్టాపు ఎన్నోది? ఇది చాలామంది అడగరు. మొదటి స్టాపులో ఎక్కే పిల్ల మిగతా స్టాపులన్నీ తిరిగి స్కూలుకు చేరుతుంది. సాయంత్రం బస్సు అదే దారిలో వెనక్కి వస్తే ఆ పిల్లే అందరికన్నా చివర దిగుతుంది. మీరు కారులో ఇరవై నిమిషాల్లో వెళ్లే దారి ఆ పిల్లకు గంట కావచ్చు. తర్వాత అడగాల్సింది: ఈ రూటు ఇప్పుడు నడుస్తోందా, లేక పిల్లలు చేరితే వేస్తారా? "వేస్తాం" అంటే అది లేనట్టే లెక్క. ఇప్పుడు నడుస్తున్నదైనా జూన్‌లో మారుతుందేమో అడగండి. బస్సులో ఆయమ్మ ఉంటుందా? బస్సు ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆ నంబరు ఆఫీసుదా, డ్రైవరుదా? మన రాష్ట్రంలో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది, మళ్లీ చేయించుకున్నాకే బస్సు తిప్పాలి. అది చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ఆటో అయితే ఈ ప్రశ్నలన్నీ డ్రైవరునే అడగండి, ఎంతమందిని ఎక్కిస్తాడో కూడా అడగండి.

ఇంత అడిగితే ఆఫీసులో విసుక్కుంటారని భయపడేవాళ్లు ఉన్నారు. విసుక్కోకుండా జవాబు చెప్పే స్కూలునే నేను ముందు పెడతాను. భవనం, ఏసీ క్లాసులు, స్విమ్మింగ్ పూల్ తర్వాత సంగతి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇంకో చిక్కు. ఆయనకు అచ్యుతాపురంలో, ఆవిడకు రుషికొండలో పని. ఊరికి ఈ చివరా ఆ చివరా. మధ్యలో ఉండాలని ఎన్ఏడీ దగ్గర ఇల్లు చూస్తారు, ఇద్దరికీ దూరమే అవుతుంది, స్కూలు ఇంకో మూల. నేనైతే ఒక్కటే అడుగుతాను: "పాపకు జ్వరమొచ్చింది, తీసుకెళ్లండి" అని స్కూలు నుంచి ఫోన్ వస్తే ముందు ఎవరు వెళ్లగలరు? ఇల్లు, స్కూలు రెండూ వాళ్ల ఆఫీసు వైపే తీసుకోండి. రెండోవాళ్లు దూరం ప్రయాణం చేస్తారు. పెద్దవాళ్లు బస్సులో కునుకు తీయగలరు, ఐదేళ్ల పిల్ల ఫోన్ చేసి "నేను రాను" అనలేదు.

నాకు ఏ కాలనీలు ఇష్టమో కొందరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, మీకు నచ్చాలని లేదు. పిల్లలు నడిచి వెళ్లగలిగే పాత కాలనీలు నాకిష్టం. మువ్వలవానిపాలెం, అదే మన ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మురళీనగర్ లాంటివి. అద్దె ఎక్కువ, ఇల్లు చిన్నది. అయినా బస్సు ఫీజు మిగులుతుంది, సాయంత్రం నాలుగున్నరకు పిల్ల ఇంట్లో ఉంటుంది. సముద్రం కనబడే ఫ్లాటు మాత్రం నేను తీసుకోను. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్సు, ఏసీ బయటి పెట్టె, ఫ్రిజ్ అన్నీ తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు కిటికీ అద్దాలు ఎలా పగిలాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు, కరెంటు సంగతి ఇంటివాళ్లను అడగను. వీధి మూల ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్తాను. "బాబాయ్, ఈ అపార్టుమెంటుకి నీళ్ల ట్యాంకరు ఎన్నాళ్లకోసారి వస్తుంది?" అంటే చాలు. ఏ ఇంట్లో ఎవరు ఎందుకు ఖాళీ చేశారో కూడా అతనికి తెలుసు.

సిలబస్ గురించి అడిగినవాళ్లకు రెండే మాటలు. సీబీఎస్‌ఈ స్కూళ్లు చాలావరకు ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలుపెడతాయి, రాష్ట్ర సిలబస్ బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. జూన్‌లో వచ్చి సీబీఎస్‌ఈలో చేర్పిస్తే రెండు నెలల పాఠం పోయినట్టే, నోట్సు ముందే తెప్పించుకోండి. రెండోది, సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డులో పేరు నమోదవుతుంది. పదో తరగతిలో స్కూలు మారడం బోర్డు అనుమతితో, బదిలీ కాగితాలు చూపించి చేయాల్సిన పని. కుదిరితే ఆ ఏడాది కదలకండి. స్కూలు పేరు రాసిన బోర్డు మీద "సీబీఎస్‌ఈ ప్యాటర్న్" అని ఉంటే గుర్తింపు నంబరు అడిగి, సీబీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

అభ్యాసం

ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. అడ్వాన్సు ఇచ్చేలోపే చెయ్యాలి.

ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి. సోమవారం ఉదయం ఆరున్నరకు మీరు అనుకుంటున్న ఇంటి గేటు దగ్గర నిలబడండి. మీ పిల్ల బ్యాగులో నిజంగా మోసే పుస్తకాలు, నీళ్ల సీసా పెట్టి మీరే భుజానికి తగిలించుకోండి. స్టాపు దాకా నడవండి, ఎన్ని నిమిషాలైందో రాయండి. హైవే గానీ పెద్ద రోడ్డు గానీ దాటాల్సి వస్తే, దాటడానికి ఎంతసేపు ఆగారో విడిగా రాయండి. బస్సు వచ్చేదాకా నిలబడండి. అందులో ఎక్కే పిల్లల అమ్మానాన్నలతో మాట్లాడండి, వాళ్లు చెప్పింది రాయండి. తర్వాత మీ బండి మీద బస్సు వెనకాలే స్కూలు దాకా వెళ్లండి, ప్రతి స్టాపు టైమూ వేసుకోండి. సాయంత్రం మళ్లీ స్కూలు దగ్గర నుంచి ఇంటిదాకా ఇదంతా చెయ్యండి.

వానపడ్డ రోజు ఒకసారి వెళ్లండి. గెడ్డ పక్క వీధుల్లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గోడల మీద మరకలు చెబుతాయి, వాన లేకపోయినా వాటిని చూడొచ్చు. చివరిసారి పిల్లను వెంట తీసుకెళ్లండి. ఏమీ చెప్పకుండా నడిపించండి, ఎక్కడ మీ చెయ్యి గట్టిగా పట్టుకుందో ఆ చోటు పేరు నోటుబుక్కులో రాయండి.

వేరే ఊళ్లో ఉండి ఇదంతా చెయ్యలేనివాళ్లు ఇక్కడున్న చుట్టాల్ని పంపించండి. వాళ్లకు ఈ పాఠం మొత్తం చదివి వినిపించి మరీ పంపండి. "బాగానే ఉంది" అన్న జవాబు ఒప్పుకోకండి, నిమిషాలు అడగండి.

నోటుబుక్కు దాచుకోండి. అద్దె ఒప్పందం పాఠంలో ఇంటి యజమానితో మాట్లాడేటప్పుడు మొదట తెరిచేది అదే.