డేరాల బస్తీకి జాగా అడుగుతున్నారా? సభకు ముందు సర్వే నంబర్ చూడండి

హైదరాబాద్ శివార్లలో గంగిరెద్దులవాళ్లు, బుడగ జంగాలు, పూసలవాళ్లు, ఇనుప పని చేసే ఘిసాడీలు ఖాళీ జాగాల్లో డేరాలు వేసుకుని బతుకుతుంటారు. వాళ్లకు పక్కా జాగా కోసం పెట్టే అర్జీలు ఎక్కువగా భూమి రికార్డు దగ్గరే బోల్తా పడతాయి. అందుకే డేరాలవాళ్లతో, పక్క కాలనీతో పెట్టే సభ తర్వాత, జాగా ముందు.

తహసీల్దార్ ఆఫీసులో సర్వే నంబర్ అడగండి. 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందనగానే వెనక్కి తగ్గొద్దు, సర్కారు భూమి అందులో ఉండడం మామూలే. వక్ఫ్, దేవాదాయం, కోర్టు కేసు అని ఉంటే మాత్రం వదిలేయండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ జాగా నివాస జోన్‌లో లేకపోతే భూ వినియోగ మార్పిడి కావాలి. దానికి నోటీసు, అభ్యంతరాలు, గడువు అన్నీ ఉంటాయి.

అసలు ప్రమాదం శిఖం భూమితో, అంటే చెరువు నిండితే మునిగే భూమితో. ఎండాకాలంలో చూస్తే చదునుగా, బ్రహ్మాండంగా ఉంటుంది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. అక్కడ వేసింది రేపు కూలుస్తారు. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి, పక్క గోడ మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూడండి.

డేరాల లెక్క రాత్రి ఎనిమిది దాటాక తీయండి, పగలు డేరాల్లో ముసలివాళ్లు తప్ప ఎవరుండరు. మనుషులతోపాటు ఎద్దు, గాడిద, ట్రాలీ, కొలిమి, పాత సామాను కుప్ప కూడా రాయాలి. ఇంటికి 60 గజాలు చాలనుకుని గీసిన ప్లానులో ఎద్దును కట్టేసే చోటు ఉండదు. చివరికి దాన్ని రోడ్డు మీద కడతారు, ఇరుగుపొరుగు గొడవ అక్కడే మొదలు.

30 ఇళ్లు, 150 మంది అనుకోండి. ఇళ్లకే 1,800 గజాలు. దారి, పశువులు, మరుగుదొడ్లు కలిపితే అరెకరం (2,420 గజాలు) ఇరుకు, ఎకరం అడగండి. డ్రైనేజీ ఉంటే మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, లేకపోతే 70. అంటే డ్రైనేజీ లేకున్నా రోజూ 10,500 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు నిండా తెచ్చినా ఇంకో 500 లీటర్లు తక్కువే. సామూహిక మరుగుదొడ్లయితే 25 మంది ఆడవాళ్లకు, 35 మంది మగవాళ్లకు ఒక్కో సీటు. సగం సగం ఉంటే ఇటు మూడు, అటు మూడు.

ఇక సభ. డేరాలవాళ్లతో ఒకటి, పక్క కాలనీతో ఇంకొకటి, ఆ తర్వాతే ఇద్దరినీ కలపండి. మొదటిరోజే కలిపితే కాలనీవాళ్లే మాట్లాడతారు, డేరాలవాళ్లు వెనక నిలబడి తలూపుతారు. ఆడవాళ్లను విడిగా కూర్చోబెడితేనే స్నానాల గది మాట బయటికొస్తుంది. ధనుర్మాసంలో గంగిరెద్దులవాళ్లు ఊళ్ల మీద ఉంటారు, ఆ నెల సభ వద్దు. కాలనీ అభ్యంతరాలను వాళ్ల మాటల్లోనే రాసి, ఎదురుగా ప్లానులో ఏం మార్చారో రాయండి. "చెత్త" అంటే తొట్టి ఎక్కడో గీసి చూపించాలి. ఉపన్యాసం పనిచేయదు.

తీర్మానం, సంతకాలు, వేలిముద్రలు, స్కెచ్ జతచేసి అర్జీని సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. కదలిక లేకపోతే ఆర్టీఐ వేయండి. కలెక్టరేట్‌లో అయితే ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, జవాబుకు 30 రోజులు. రసీదు డేరాలో తడుస్తుందని లామినేషన్ చేయిస్తుంటారు. అది థర్మల్ కాగితమైతే ఆ వేడికి మొత్తం నల్లబడిపోతుంది. ముందు జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కే చేయించండి.