ఉమ్మడి గోడ దగ్గర పని ఆగిందా? ముందు పాత దస్తావేజు చదవండి

సమస్య: పాత ఇల్లు కూల్చి పిల్లర్ గుంతలు తీయగానే పక్కింటివారు వచ్చి పని ఆపించారు. మునిసిపల్ అనుమతి చేతిలో ఉంది కదా అని యజమాని వాదన.

ఆ అనుమతి మీ ప్లానుకు మాత్రమే. గోడ ఎవరిదో తేల్చేది సివిల్ కోర్టు, మునిసిపాలిటీ కాదు. 75 గజాల వరకు స్థలంలో ఒక అంతస్తు మీద మరొకటి వేసుకోవడానికి ఆన్‌లైన్ నమోదు చాలు. ఆ వెసులుబాటు వల్ల కూడా గోడ మీద కొత్త హక్కేమీ రాదు. దస్తావేజులో హద్దులు చదవకుండా మేస్త్రీని పిలవడమే ఇక్కడ మొదటి తప్పు. దయచేసి ఇది మానండి.

అసలు కారణం: హద్దులు చదివినవారినీ ముంచేది ఇదే. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్, కాచిగూడ, పాతబస్తీ గల్లీల్లో చాలా ఇళ్లు ఒకప్పుడు ఒకే ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నాక రెండయ్యాయి. ‘నడిమి గోడ ఇరువురికీ ఉమ్మడి’ అన్న మాట ఆ పంపకాల పత్రంలో ఉంటుంది. తర్వాత అమ్మకాల్లో రాతగాళ్లు ‘పడమర: ఫలానావారి ఇల్లు’ అని రాసి వదిలేస్తారు. మీ దస్తావేజులో గోడ ఊసే ఉండదు. ఈసీలోనూ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కనబడదు, ఎందుకంటే ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించి నకలు తీసుకోవాలి. మరీ పాతవి ఉర్దూలో ఉంటాయి, అనువాదం చేయించండి.

పత్రం దొరకకపోతే గోడనే చూడండి. డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలోకి రెండు ఇళ్ల దూలాలూ దిగి ఉంటే, రెండు వైపులా గూళ్లు ఉంటే, అది ఉమ్మడిదనడానికి గట్టి సూచన. కూల్చకముందే రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. కూల్చాక ఆ సాక్ష్యం మట్టిలో కలిసిపోతుంది.

పరిష్కారం: ఉమ్మడి అని తేలితే, పక్కవారి సమ్మతి లేకుండా దాన్ని కూల్చకూడదు, ఎత్తు పెంచకూడదు, మీ భాగమే కదా అని సగం చెక్కకూడదు. ఒప్పుకుంటే ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించండి. నోటిమాట ఇల్లు చేతులు మారిన రోజు చెల్లదు. ఒప్పుకోకపోతే గోడ జోలికి పోకుండా మీ స్థలంలోనే పిల్లర్లు లేపి వేరే గోడ కట్టుకోండి. కొన్ని అంగుళాలు పోతాయి, పోనివ్వండి. గుంతలు మాత్రం ఒకేసారి బారుగా తవ్వకండి: కొంచెం తవ్వి, కాంక్రీటు వేసి, అది గట్టిపడ్డాక పక్కది తీయండి. పక్కవారి నేలకు ఆధారం పోతే నష్టపరిహారం మీ మీద పడుతుంది.

ఇరవై ఏళ్లుగా కిటికీ వెలుతురు అనుభవిస్తున్నాం, దానికి అడ్డు కట్టకూడదని పక్కవారు వాదించడం అరుదు; వస్తే వకీలును కలవండి. స్టే తెస్తారని అనుమానం ఉంటే ముందే కేవియట్ (మా మాట వినకుండా స్టే ఇవ్వొద్దని కోర్టులో వేసే అర్జీ) వేయించండి, అది 90 రోజులు పనిచేస్తుంది.