గొలుసు పథకంలో చేరేముందు లెక్క సరిచూసుకోవడం ఎలా?

కొత్తవారిని చేర్చుకుంటూ పోతే సొమ్ము వస్తుందని ఆశపెట్టే గొలుసు పథకం గురించి మనకు చెప్పేది సాధారణంగా ముక్కూమొహం తెలియనివారు కారు; దగ్గరి బంధువో, పాత సహోద్యోగో తనకు నాలుగు నెలలుగా సొమ్ము వేళకు అందుతోందని నిజాయితీగానే చెబుతారు. అయితే సొమ్ము వేళకు అందడం పథకం నిజమైనదనడానికి ఋజువు కాదు. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానని ప్రకటించి, మొదట చేరినవారికి అన్నమాట ప్రకారమే చెల్లించాడు. తపాలా కూపన్ల వ్యాపారంలో వచ్చిన లాభమని అతను చెప్పినా, ఇచ్చినది తర్వాత చేరినవారి సొమ్మే.

కనుక ముందుగా అడగవలసిన ప్రశ్న: రేపటినుంచి కొత్తవారెవరూ చేరకపోతే నాకు ఎక్కడినుంచి చెల్లిస్తారు? జవాబులో అమ్మే సరుకు, దాన్ని సభ్యులు కానివారు కొంటున్న దాఖలా లేకపోతే అక్కడే ఆగిపోవాలి.

తర్వాత కాగితం మీద లెక్క వేయండి. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలంటే మొదటి వరుసలో 6, రెండో వరుసలో 36, మూడో వరుసలో 216 మంది ఉండాలి. పదమూడో వరుసకు సుమారు 1,300 కోట్లమంది కావాలి, భూమ్మీద అంతమంది లేరు. గొలుసు ఏ వరుసలో తెగినా, చేరిన ప్రతి ఆరుగురిలో దాదాపు అయిదుగురు చిట్టచివరి వరుసలోనే, అంటే తమ కింద ఎవరూ లేకుండానే మిగులుతారు. ‘కష్టపడనివారే నష్టపోయారు’ అనే మాట ఈ లెక్క ముందు నిలవదు.

కొద్ది మొత్తం పెట్టి చూద్దామనే సలహా నా దృష్టిలో కొరగానిది, ఎందుకంటే చిన్న మొత్తాలను వెంటనే తిరిగి ఇవ్వడమే అసలు ఎర. ఇలాంటి మోసమే నడిపిన అమెరికా మదుపు వ్యాపారి బెర్నార్డ్ మేడాఫ్ ఏళ్లతరబడి అడిగినవారికి చెల్లిస్తూనే వచ్చి, 2008లో మదుపరులు సుమారు 700 కోట్ల డాలర్లు ఒక్కసారిగా వెనక్కు అడిగేసరికి చేతులెత్తేశాడు. పెట్టినదానికంటే ఎక్కువ తీసుకున్నవారిపై కూడా ఆ సొమ్ము రాబట్టడానికి దావాలు పడ్డాయి. అల్బేనియాలో ఇటువంటి పథకాలు కూలి, 1997లో చెలరేగిన అల్లర్లలో సుమారు 2,000 మంది చనిపోయారు.

ఇప్పటికే చేరి ఉంటే, పోయినది రాబట్టుకోవడానికి మరొకరిని చేర్చకండి. అలా చేస్తే మోసపోయినవారే మోసంలో భాగస్వాములవుతారు. రసీదులు, సందేశాలు, చెల్లింపుల వివరాలు భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు చేయండి. మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందుగా రుసుము కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. ఆ నంబరును కూడా ఫిర్యాదులో చేర్చండి.