స్కేళ్లు వస్తాయి, సోలో రాదు: నా జాజ్ ప్రాక్టీసు ఎలా గాడిన పడిందంటే

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఆ తర్వాత గిటార్ పట్టుకుంటే గంటా స్కేళ్లకే (స్వరాల వరసలకే) సరిపోయేది, పాటలో సోలో, అంటే అప్పటికప్పుడు అల్లి ఒక్కడినే వాయించే చోటు, దగ్గరికొస్తే మాత్రం వేళ్లు బిగుసుకుపోయేవి. ఇంకో గంట పెంచా, ఆదివారాలు ఆరేసి గంటలు కూర్చున్నా, వీడియోలు మార్చా, ఏదీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది వరస తిరగేయడం. వారానికి ఒకే పాట, ఒకే కీ (పాటకి ఆధారమైన శ్రుతి). ఫోన్లో టైమర్ పెట్టి ముందు పాటే, 25 నిమిషాలు. తర్వాత 15 నిమిషాలు అందులోని రెండు-ఐదు-ఒకటి కార్డులు, అంటే ఆ కీ స్కేలులో రెండు, ఐదు, ఒకటో స్వరాల మీద కట్టిన, కలిపి మోగించే స్వరాల గుంపులు. సి కీ అయితే డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. మొదటి కార్డులోని సి స్వరం రెండోదానిలో బి కి దిగుతుంది, జి సెవెన్‌లోని ఎఫ్ ఆఖరిదానిలో ఈ కి దిగుతుంది. ఇలా దిగే ఈ రెండు చోట్లూ ముందు నోటితో పాడి, అప్పుడు వాయించా. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

ఆ తర్వాత పది నిమిషాలు మెట్రోనోమ్ (తాళానికి క్లిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 60లో పెట్టి, ఆ క్లిక్కులను నాలుగు బీట్ల లెక్కలో 2, 4 బీట్లుగా లెక్కేసుకోవడం (అంటే అసలు వేగం 120). మొదటి నాలుగు రోజులూ క్లిక్కు ఒకటో బీటు మీదకి జారిపోయేది, నవ్వొచ్చేది. మిగిలిన పది నిమిషాలే స్కేళ్లు, అదీ అదే కీలో.

మూడో వారానికి సోలోలో గాలి ఆడింది. నాకు స్కేళ్లు ముందే వచ్చు కాబట్టి కుదిరిందేమో, కొత్తవాళ్లకు, శాక్సోఫోన్ వాళ్లకు ఇదే లెక్క సరిపోతుందని చెప్పలేను.