సాగుతున్న పని చెడకుండా ఆర్‌ను అప్‌డేట్ చేసుకోవడం

గణాంక విశ్లేషణకూ గ్రాఫులకూ వాడే ఆర్ భాషకు సాధారణంగా ఏటా ఏప్రిల్‌లో ఒక పెద్ద విడుదల వస్తుంది. మధ్యలో లోపాలను సరిదిద్దే చిన్న విడుదలలు వస్తుంటాయి. 4.4.1 నుంచి 4.4.2కు మారితే ప్యాకేజీలు (అదనపు పనుల కోసం ఆర్‌కు జోడించుకునే కోడ్ కట్టలు) ఉన్నచోటనే ఉండి పనిచేస్తాయి. 4.4 నుంచి 4.5కు మారితే మాత్రం విండోస్‌లో ప్యాకేజీల ఫోల్డరే వేరవుతుంది కనుక, నిన్నటిదాకా నడిచిన స్క్రిప్టు ప్యాకేజీని పిలిచే మొదటి లైబ్రరీ() వరుస దగ్గరే 'అలాంటి ప్యాకేజీ లేదు' అంటూ ఆగిపోతుంది. పాత ప్యాకేజీలు ఎక్కడికీ పోవు, పాత ఫోల్డరులోనే ఉంటాయి.

ముందుగా సెషన్‌ఇన్ఫో() నడిపి, ఇప్పుడున్న ఆర్, ప్యాకేజీల వెర్షన్లను చెప్పే ఆ జవాబును ప్రాజెక్టు ఫోల్డరులో దాచుకోవాలి. ఆర్‌లో కోడ్ రాసి నడపడానికి వాడే ఆర్‌స్టూడియోను అప్‌డేట్ చేస్తే ఆర్ కూడా మారిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ రెండూ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు. తర్వాత ఇన్‌స్టాల్డ్.ప్యాకేజెస్() ఇచ్చే పేర్ల పట్టికను ఒక ఫైలులో భద్రపరిచి, ఆర్ అధికారిక భాండారమైన క్రాన్ నుంచి కొత్త ఆర్‌ను దించుకొని, ఆ పట్టికలో ఉండి కొత్త ప్యాకేజీల ఫోల్డరులో లేనివాటిని ఇన్‌స్టాల్ చేయాలి. పాత ఫోల్డరును యథాతథంగా కాపీ చేయడం తేలికగా కనిపిస్తుంది కానీ, పాత వెర్షన్ మీద కంపైల్ అయిన ప్యాకేజీలు కొత్తదానిలో ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం.

అసలు జాగ్రత్త ఫలితాల దగ్గర కావాలి, ఎందుకంటే ఎర్రర్ వస్తే కంటికి కనబడుతుంది, అంకె మారితే కనబడదు. యాదృచ్ఛిక ఎంపిక ప్రతిసారీ ఒకేలా వచ్చేలా చేసే సెట్.సీడ్(42) ఇచ్చి 1 నుంచి 10 వరకు అంకెలను శాంపిల్()‌తో కలగలిపితే 3.6.0కు ముందు 10, 9, 3 అని మొదలయ్యేది. 2019లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి 1, 5, 10 అని మొదలవుతుంది. పాత థీసిస్‌లోని యాదృచ్ఛిక నమూనాను మళ్లీ రాబట్టాలంటే ఆర్‌ఎన్‌జీకైండ్()‌లో శాంపిల్ పద్ధతిని 'రౌండింగ్' అని చెప్పాలి. అలాగే 2020 నాటి 4.0.0 నుంచి, సీఎస్‌వీ ఫైలులోని మండలాల పేర్ల వంటి అక్షరాల వరుసలు వాటంతట అవి ఫ్యాక్టర్లుగా (వర్గాలుగా లెక్కించే డేటా రకంగా) మారడం లేదు. 4.2.0 నుంచి ఇఫ్()‌కు ఒకటికి మించిన విలువలున్న షరతు ఇస్తే, వెనుకటిలా హెచ్చరికతో సరిపెట్టకుండా ఎర్రరే వస్తుంది. ఈ కఠినత్వం మంచిదేనని నా అభిప్రాయం. అది మన స్క్రిప్టులో దాగి ఉన్న తప్పును బయట పెడుతుంది.

తెలుగు డేటాతో పనిచేసేవారికి ఆ 4.2.0 వేరొక మేలు చేసింది. విండోస్‌లో అంతకుముందు 'త' అనే అక్షరం తెర మీద 'యు+0సి24' అనే కోడుగా దర్శనమిచ్చేది. విండోస్ 10 కొత్త కూర్పుల్లో అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 సంకేత పద్ధతి వాడకం మొదలయ్యాక తెలుగు తెలుగుగానే కనిపిస్తోంది.

విండోస్‌లో పాత, కొత్త ఆర్‌లు పక్కపక్కనే ఉండగలవు. ఏది వాడాలో ఆర్‌స్టూడియోలోని గ్లోబల్ ఆప్షన్స్‌లో ఎంచుకోవచ్చు. ఒకే స్క్రిప్టును రెండింటిలో నడిపి, పట్టికలు సరిపోలిన తర్వాతే పాతదాన్ని తీసేయాలి. పాతది 4.4.0కు ముందుదైతే, ఈలోగా బయటివారు పంపిన ఆర్‌డీఎస్ ఫైళ్లను (ఆర్ డేటాను దాచుకునే ఫైళ్లను) దానిలో తెరవకండి: దురుద్దేశంతో తయారుచేసిన అలాంటి ఫైలు మన కంప్యూటరులో కోడ్ నడపగలిగే లోపాన్ని 2024లో 4.4.0లోనే సరిచేశారు.