పెద్ద సంఖ్యను విడగొట్టడం, 3వ పాఠం: చదరంగం గింజల లెక్క

పోయిన పాఠంలో 3, 5, 9లతో భాగం పోతుందో లేదో చూడటం నేర్చుకున్నాం కదా, ఈసారి ఇరవై అంకెల సంఖ్యనే పట్టుకుందాం: 18446744073709551615. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్ళూ రెట్టింపు చేసుకుంటూ నింపితే వచ్చే మొత్తం ఇది. అంటే 2⁶⁴ − 1. మనవాళ్ళు దీన్ని ఎప్పుడో "శర శశి షట్క చంద్ర" అని మొదలయ్యే పద్యంలో పెట్టేశారు. శర అంటే 5, శశి 1, షట్క 6, చంద్ర 1. ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకి రాసుకుంటూ పోవాలి. చివరి నాలుగంకెలు 1615, సరిపోయిందా?

ముందు తేలికైనవి. చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెల మొత్తం 87, అందుకని 3తో పోతుంది, 9తో పోదు. ఇక 7, 11, 13 అంటూ ఒక్కోదానితో భాగిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. స్కూల్లో చదివిన a² − b² సూత్రం బయటికి తీయండి. 2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1). రెండో ముక్కని మళ్ళీ అలాగే, మళ్ళీ అలాగే విడగొడుతూ పోతే:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోదీ ప్రధానమేనని ఫెర్మా నమ్మాడు, కానీ అది 641తో పోతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. ఎందుకు పోతుందో చూడండి, నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

641 = 5 × 2⁷ + 1. కాబట్టి 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. ఇంకోవైపు 641 = 5⁴ + 2⁴ కూడా, అంటే 5⁴ ఉన్న చోట −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³²కి శేషం 1. అంటే 2³² + 1కి శేషం సున్నా!

నమ్మకం కుదరకపోతే కాగితం మీద భాగహారం చేయండి, చేసి తీరాలి అంటాను. 4294లో 6 సార్లు, మిగిలింది 448. 9 దింపితే 4489, ఏడు సార్లు, మిగిలింది 2. తర్వాత వరసగా రెండు సున్నాలు పడతాయి, అక్కడే చాలామంది ఒక సున్నా వదిలేస్తారు, జాగ్రత్త. చివర్లో మళ్ళీ అదే 448 వస్తుంది, ఈసారి 7 దిగి 4487 అవుతుంది, సరిగ్గా 641 × 7. భాగఫలం 6700417, ఇదీ ప్రధానమే.

మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాలేదు. ఒక్కోదాన్నీ తీసుకోవచ్చు, వదిలేయవచ్చు, అందుకే భాజకాలు 2⁷ = 128.

వచ్చే పాఠం లోపు 2³² − 1కి ఎన్ని భాజకాలో తేల్చండి. ఆయిలర్ సూటిగా 641 దగ్గరికి ఎలా వెళ్ళాడో అప్పుడు చూద్దాం.